ముందుగాల మెస్ వాళ్లను కలువు

కథలాపూర్

బిడ్డా,

నాచుపల్లి కాలేజీల మీరు నలుగురు కలిసి రక్తదాన బృందం పెట్టిండ్రని మీ బాపు చెప్పిండు. విని మస్తు సంబురమైంది. మన మండలంల ఏ ఊరికి పోయినా గల్ఫ్‌ల ఉన్నోళ్ల ఇండ్లే. కాన్పుకు పోయిన ఆడపిల్లకు రక్తం కావాల్నంటే, ఇచ్చే వయసు మగోళ్లు దుబాయిల, మస్కట్‌ల ఉంటరు. ఆ లోటు తీర్చగలిగేది మీ అసొంటి కాలేజీ పిల్లలే.

పోస్టర్లు అతికిచ్చినా మంది వస్తలేరని, మీరిచ్చిన దరఖాస్తు ఆఫీసుల కదుల్తలేదని నువ్వు రంది పెట్టుకున్నవట. కాలేజీ ఆఫీసుల పనిచేసి రిటైరైనోన్ని, నేను చూసింది చెప్త.

మీరు నేరుగ ప్రిన్సిపాల్ సార్ దగ్గరికి పోయిండ్రు. సంతకం అక్కడ అయితది, పని అక్కడ కాదు. శిబిరం నాడు హాలు తాళం తీసేది, బెంచీలు జరిపేది అటెండర్. బ్లడ్ బ్యాంకు బండిని గేటు లోపలికి రానిచ్చేది వాచ్‌మన్. వాళ్లకు మీ శిబిరమంటే ఇంకో రోజు చాకిరి. తేదీ ఖాయం చేయకముందే పోయి "అన్నా, మీకు ఏ రోజైతే అల్కగ అయితది?" అని అడిగితే, అది వాళ్ల సొంత పనైతది.

అందరికన్నా ముందు మెస్ వాళ్లను కలువు. ఖాళీ కడుపుతోని రక్తం ఇయ్యొద్దు. శిబిరం తొమ్మిదింటికి షురూ అయి టిఫిన్ ఆ తర్వాత వస్తే, ఇద్దరు పిల్లలు కండ్లు తిరిగి పడిపోతరు. ఆ ముచ్చట హాస్టలంతా పాకుతది, మళ్ల శిబిరమంటే ఎవ్వరూ రారు. ఆ ఒక్కరోజు టిఫిన్ జల్ది పెట్టాల్నంటే వంటోళ్లు చీకట్ల లేవాలె. ఎందుకోసం లేస్తున్నరో వాళ్లకు కూసోబెట్టి చెప్పాలె. వాళ్లల్ల ఎవరన్న రక్తం ఇస్తమంటే వాళ్లనే ముందు పండుకోబెట్టండి. అయిపోయినంక సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు వంట చేసినోళ్లను స్టేజీ మీదికి పిలువుండ్రి.

ఇంకొకటి, ఇది ఆడపిల్లవు గాబట్టి నీకే బాగ అర్థమైతది. రక్తం ఇయ్యాల్నంటే పద్దెనిమిదేండ్లు నిండాలె, కనీసం 45 కిలోలుండాలె, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలె. ఆడపిల్లలు చానామంది ఈ ఆఖరి లెక్క దగ్గరనే ఆగిపోతరు. ధైర్యం చేసి వచ్చిన పిల్లను నలుగురి ముందు తిప్పి పంపితే చిన్నబోతది, దోస్తులను సుత రానియ్యది. ఆమెకు అప్పటికప్పుడు పేర్లు రాసే పనో, రక్తమిచ్చినోళ్లకు పండ్లరసం ఇచ్చే పనో అప్పజెప్పు. తర్వాత వార్డెన్ మేడంతోని మాట్లాడి ఆ పిల్లలను డాక్టర్‌కు చూపియ్యండి. మెస్‌ల తోటకూర, పాలకూర ఎక్కువ పెట్టుమని అడగండి. రక్తం ఇయ్యలేనోళ్లను సుత చూసుకుంటరని తెలిస్తేనే ఆడపిల్లల హాస్టల్ మీ వెంట నడుస్తది.

ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, చూసే సార్‌కు పోటీ పడకుండ్రి. ఆ పథకం 1969 సెప్టెంబర్ 24న గాంధీ శతజయంతి ఏడాది 37 విశ్వవిద్యాలయాలల్ల మొదలైంది. అందుల చేరిన పిల్లలు రెండేండ్లల్ల 240 గంటలు సేవ చెయ్యాలె. మీ శిబిరంల పనిచేస్తే వాళ్లకు గంటలు, మీకు మనుషులు. బ్యానర్ మీద ఎవరి పేరు పైన ఉండాలని కొట్లాడకుండ్రి.

విద్యార్థి సంఘాల దగ్గరికి సుత పోవాలె, అన్నిటి దగ్గరికి. 2009 చివర్ల ఉస్మానియాల ఒకరికొకరు పడని సంఘాలు తెలంగాణ కోసం జేఏసీ అని ఒక్కటైనయి. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందట విద్యార్థి గర్జన జరిపినయి. అప్పుడు అంత పెద్ద పనికి కలిసినోళ్లు ఒక పూట రక్తదానానికి కలువరా? అడిగేటోళ్లు కావాలె. ఒక సంఘం జెండా కింద మాత్రం పోకుండ్రి, మిగిలినోళ్లు దూరమైతరు.

ఎవరిని కలవబోయినా ఫస్టియర్ పిల్లలను ఒకరిద్దరిని వెంట తీసుకపో. నాలుగేండ్లకు నువ్వు బయటికొస్తవు, అటెండర్ అన్న అక్కడనే ఉంటడు. మీ తర్వాత వచ్చే పిల్లల మొఖం ఆయనకు ఎరుకుండాలె.

అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమని ఆ రోజే పెట్టాలని చూస్తున్నరట. అప్పటికి బతుకమ్మ, దసరా సెలవులు పడితే హాస్టల్ ఖాళీగ ఉంటది. పరీక్షల సెక్షన్‌ల మిడ్స్ తేదీలు అడిగి, సెలవులకు ముందో తర్వాతనో చూసుకోండి. మగపిల్లలు మూడు నెలలకు, ఆడపిల్లలు నాలుగు నెలలకు మళ్ల ఇయ్యొచ్చు గాబట్టి, రెండో శిబిరం ఎండకాలం సెలవులకు ముందు పడేటట్టు ఇప్పుడే లెక్కేసుకోండి. కాలేజీలు మూతపడ్డంకనే రక్తానికి ఎక్కువ కటకట.

మీ పెద్దబాపు