స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతున్న సౌండ్ బాక్సులు

ప్రశ్న: నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో సౌండ్ సర్వీస్ నడుపుకుంటున్నాను. వినాయక నిమజ్జనం ఊరేగింపులో రాత్రి పది దాటాక కూడా పాటలు పెట్టామని పోలీసులు నాలుగు బేస్ బాక్సులు, రెండు హార్న్‌లు, ఒక యాంప్లిఫయర్ తీసుకెళ్లారు. రెండు నెలలుగా అవి స్టేషన్ వెనక చెట్టు కిందే ఉన్నాయి. మొన్నటి వానల తర్వాత వెళ్లి చూస్తే జాలీలు ఎర్రబడ్డాయి, వైరు బిగించే టెర్మినళ్లు పచ్చగా చిలుము పట్టాయి. అప్పు చేసి కొన్న సెట్టు. అడిగితే కేసు తేలేదాకా ఇవ్వం అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీద్దాం. రాత్రి పది తర్వాత మోగించారా లేదా అన్నది కేసు. తేలేలోపు మీ సామాను పాడవకుండా చూడటం వేరే బాధ్యత. మొదటిదానికి మీరు జవాబు చెప్పుకోవాలి, రెండోదానికి ప్రభుత్వం చెప్పాలి.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పగలు వాడాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజుకు అలాంటి ఉత్తర్వు ఉందేమో కనుక్కోండి. లేకపోతే తప్పు జరిగినట్టే. పసిపిల్లలూ ముసలివాళ్లూ నిద్రపోయే వేళను కాపాడే ఈ నియమం మంచిదనే నా అభిప్రాయం.

ఇక తుప్పు. మీకు తెలిసిందే అయినా కోర్టుకు చెప్పేటప్పుడు ఈ వివరమే పనికొస్తుంది. జాలీ మీద తుప్పు గీకి రంగు వేసుకోవచ్చు. యూనిట్ లోపల మాత్రం అయస్కాంతానికి అంటిన ఇనప పలకల మధ్య సన్నటి సందు ఉంటుంది, కాయిల్ ఆడేది అందులోనే. ఆ సందులో తుప్పు ఉబ్బిందంటే కాయిల్ రాసుకుని గరగరమంటుంది, చివరికి కాలిపోతుంది. రాలిన తుప్పు పొడిని అయస్కాంతం వదలదు. మీ వైపు ఉప్పుగాలి, డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట ఉన్న యూనిట్‌కు ప్రతి వారమూ నష్టమే. సామాను ఇప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో వేసే పిటిషన్‌లో ‘సామాను పాడవుతోంది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా ఇదంతా రాయించండి. తొందర ఎందుకో మేజిస్ట్రేట్‌కు అర్థమవుతుంది.

కేసు తేలేదాకా ఇవ్వం అన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002 లోనే దీన్ని తేల్చింది. స్వాధీనం చేసుకున్న సొత్తును స్టేషన్లో ఎక్కువకాలం ఉంచకూడదు, మహా అయితే 15 రోజుల నుంచి నెల అని చెప్పింది. పంచనామా రాసి, ఫొటోలు తీసి, బాండు తీసుకుని సొంతదారుకు అప్పగించవచ్చు. ఆ ఫొటోలే సాక్ష్యంగా పనికొస్తాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ఇందుకు గడువు కూడా పెట్టింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చాక 14 రోజుల్లో వివరాల పట్టిక తయారు కావాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. ఆచరణలో చిక్కు ఎక్కడంటే, పోలీసులు స్వాధీనం సంగతి కోర్టుకు తెలియజేసి సామాన్ని స్టేషన్లోనే ఉంచేస్తారు. అలాంటప్పుడు 503వ సెక్షన్ కింద కూడా సొత్తు ఇప్పించమని మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు.

పిటిషన్‌కు బిల్లులు, అప్పు కాగితాలు జతచేయండి. బిల్లు పోతే యూనిట్ల సీరియల్ నంబర్లు, పాత ఫొటోలు, అఫిడవిట్ పెట్టండి. అమ్మనని, మార్పులు చేయనని, పిలిచినప్పుడు తెచ్చి చూపిస్తానని బాండు రాయాల్సి వస్తుంది. ఇక్కడే చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. మార్పులు చేయనని రాసిచ్చాక కాయిల్ మార్చినా, రీకోన్ చేయించినా ఇబ్బందే. అందుకే తుప్పు తీయించడానికి, రిపేరు చేయించడానికి, అద్దెకు తిప్పడానికి అనుమతి కూడా అదే పిటిషన్‌లో అడగండి. ఉత్తర్వు వచ్చేలోపు సామాన్ని కప్పు కిందికి మార్చి, నేలతేమ తగలకుండా చెక్కల మీద పెట్టించమనీ కోరండి. అంతేగానీ స్టేషన్‌కు వెళ్లి మీరే గీకుడు కాగితం పట్టకండి. అది కేసు సొత్తు, సాక్ష్యాన్ని చెడగొట్టారన్న నింద రావచ్చు.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే మండల న్యాయసేవా కమిటీని అడగండి, లేదా 15100 కు ఫోన్ చేయండి. అర్హత ఉంటే ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. భయపడి ఎవరూ వెళ్లకుండా ఉండిపోవడం మాత్రం ప్రమాదం. సొంతదారు ఎవరో తెలియకపోతే కోర్టు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు చూస్తుంది, తర్వాత ఆ సొత్తు ప్రభుత్వపరం కావచ్చు.

జరిగిన నష్టానికి పరిహారం అడగవచ్చా? అడగవచ్చు. 1967 లో మెమన్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు, కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న వాహనాల విషయంలో ప్రభుత్వం కూడా ఒకరి సొత్తును తన దగ్గర ఉంచుకున్నవారితో సమానమేనంది, ఒప్పందం లేకపోయినా తగిన జాగ్రత్త తీసుకోవాలంది. 1977 నాటి బసవ్వ కేసులో స్టేషన్ పెట్టెలోంచి నగలు మాయమైతే, జాగ్రత్త తీసుకున్నామని చూపలేని ప్రభుత్వం వాటి విలువ చెల్లించాలని తీర్పు వచ్చింది. మీ దావా సివిల్ కోర్టులో వేయాలి. అంతకు రెండు నెలల ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్ ఇక్కడ పనికిరాదు, పోలీసులు అద్దె తీసుకుని మీ సామాను ఉంచుకోలేదు కదా. అద్దె కట్టి ప్రైవేటు గోడౌన్‌లో పెడితే అక్కడ తుప్పు పట్టినప్పుడు, బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవారు ఆ కమిషన్‌కు వెళ్లవచ్చు.

పరిహారం కోరాలంటే సామాను తెచ్చుకునే రోజే కీలకం. ‘అన్నీ సరిగ్గా అందాయి’ అన్న రసీదు మీద సంతకం పెట్టకండి. ఏ బాక్సుకు ఎక్కడ తుప్పు ఉందో, ఏ కోన్ తడిసి ఉబ్బిందో రసీదులోనే రాయించండి. ఒప్పుకోకపోతే మీ సంతకం పక్కనే ‘తుప్పుపట్టిన స్థితిలో తీసుకున్నాను’ అని రాయండి. అక్కడికక్కడే వీడియో తీయండి. ఇంటికి తెచ్చాక వెంటనే కరెంటు ఇవ్వకండి, తుప్పు సందులో కాయిల్ కాలితే ఆ నష్టం మీ చేతులారా జరిగిందంటారు. ముందు మెకానిక్‌తో విప్పించి, యూనిట్ల వారీగా నష్టం ఎంతో తేదీ వేసి రాతలో తీసుకోండి.