కాయకము - మితము

సిరిసిల్ల చెంతనున్న తంగళ్ళపల్లి మొదలుకొని కోరుట్ల, జగిత్యాల వరకు అనేక కుటుంబములవారు అప్పుచేసి తమ బిడ్డలను గల్ఫ్ దేశములకు పంపుచున్నారు. అచటి ఎండ, నిద్రలేమి, మనోవ్యథ భరింపజాలనివానికి కొలువు విడుచుటయా, ఓర్చుకొనుటయా యను సంశయము కలుగును. విడిచినచో కాయకద్రోహమగునేమో యని కొందరు, ఊరిలో తలవంపులగునని కొందరు వెనుదీయుదురు.

12వ శతాబ్దమున కల్యాణములో రాలిన బియ్యము నేరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని అచటనే పోసిరమ్మనెను. కాయకమునకును మితము గలదని ఆమె నేర్పిన పాఠము. దేహమును దేవాలయముగ భావింపవలెనని బసవన్న బోధ. ఆ ఆలయమును కూల్చు పని కాయకమెట్లగును?

అయితే విడుచుటకును నియమము కలదు. చెప్పకుండ పారిపోయి ‘ఖల్లివెల్లి’ యైనవాడు నివాసానుమతిని కోల్పోయి చెరపాలు కావచ్చును. ముందుగా మిగిలిన అప్పెంతయో, ఇంటికి నెలకు కావలసినదెంతయో లెక్కింపవలెను. యజమానిని మార్చినచో బాధ తీరునేమో చూడవలెను. ఖతర్‌లో 2020 నుండి ఇందుకు పాత యజమాని అనుమతిపత్రము అక్కరలేదు. యు.ఏ.ఇ.లో 2022 నుండి అమలులోనున్న చట్టము ననుసరించి, ప్రైవేటు సంస్థలో ఏడాది పూర్తిచేసినవాడు రాజీనామా చేసినను గ్రాట్యుటీకి అర్హుడు. మొదటి ఐదేండ్లకు ఏటికి 21 దినముల మూలవేతనము లభించును. కనుక వ్రాతపూర్వకముగ నోటీసునిచ్చి వెడలుట మేలు.

“ఇంకొక్క ఏడు ఓర్చుకో” మనుటకు ముందు ఇంటివారు లక్కమ్మవలె తమ అవసరమెంతయో తేల్చి చెప్పవలెను. అప్పు తీర్చు ఉపాయమును, ఇచట చేయదగిన పనిని ఆలోచించుకొని మరలివచ్చినవానిని గౌరవముతో చేర్చుకొనవలెను.