వసతిగృహ విద్యార్థుల ఆదివారం - అర్ధశక్తి నియమం

1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల ఏర్పడిన నాటి నుండి తెలుగునాట ఎందరో బాలబాలికలు ఇల్లు విడిచి చదువుకొంటున్నారు. వారికి ఆదివారం విశ్రాంతినీ, ఉల్లాసాన్నీ ఇవ్వవలెను. రోజంతా పుస్తకాలు, లేదా మండుటెండలో ఆటలు - రెండూ అనారోగ్యహేతువులేనని నా అభిప్రాయం.

బలవంతులు సైతం చలికాలంలోను, వసంతంలోను అర్ధశక్తి మేరకు, ఇతర ఋతువులలో అంతకన్న తక్కువగా వ్యాయామం చేయవలెనని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వస్తే ఆట ఆపించవలెను.

పల్నాటి దుర్గిని ఉదాహరణగా తీసుకొంటాను. ఎండ ముదరకముందే నువ్వులనూనె మర్దన, ఆట, కొంతసేపు ఆగి కుంకుడురసంతో తలస్నానం. జ్వరం, అజీర్ణం ఉన్నవారికి ఇవి వద్దు. భోజనంలో పలుచని మజ్జిగ ఉండవలెను. మధ్యాహ్నం నీడపట్టున, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన దుర్గి రాతిశిల్పాలను చూపించవచ్చు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. కనుక చెక్కేచోటికి పిల్లలను చేరనీయక, పూర్తయిన శిల్పాలనే చూపి, వారిచేత బంకమట్టితో బొమ్మలు చేయించవలెను.

సాయంకాలం ఇంటికి ఉత్తరం వ్రాయించండి; బెంగ తీరుతుంది. 13 ఏండ్లు దాటినవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. తల్లిదండ్రులారా! పాఠశాలలో చేర్పించేటప్పుడు మార్కులతోపాటు అక్కడి ఆదివారం ఎలా గడుస్తుందో కూడా విచారించండి.