మౌనం వీడితేనే రక్షణ

మానవజాతిని ఎన్నో వ్యాధులు పీడించాయి. కానీ రోగితో బాధతో పాటు నిందను కూడా మోయించిన వ్యాధులు కొన్నే. ఎయిడ్స్ అట్టిది. దానికి కారణమైన హెచ్.ఐ.వి. మన దేశంలో ఉన్నట్లు 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల తొలిసారిగా గుర్తించారు. తరువాతి కాలంలో దాని తాకిడికి అధికంగా గురైన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ విపత్తును ఆసుపత్రులు మాత్రమే ఎదుర్కొనలేవని క్రమంగా అర్థమైంది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఆశ’ పేరుతో విస్తృత ప్రచారం చేపట్టింది. కళాజాతలు పల్లెలకు తరలాయి. కళాశాలల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు వెలిశాయి.

ఈ క్లబ్బులలో విద్యార్థులే విద్యార్థులకు బోధకులు. పెద్దలు ఉపన్యసిస్తే తల వంచుకొని వినే యువకుడు తన సందేహాన్ని తోటివాని ముందు దాచుకోడు. అడగలేని ప్రశ్న అపోహగా మారుతుంది, అపోహ ప్రాణాంతకమవుతుంది.

రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, పరీక్షించని రక్తం ద్వారా హెచ్.ఐ.వి. సోకుతుంది. చికిత్స పొందని తల్లి నుండి బిడ్డకూ సోకవచ్చు. కరచాలనం వలన గాని, సహపంక్తి భోజనం వలన గాని, దోమకాటు వలన గాని సోకదు. కండోమ్ సక్రమంగా వాడితే ముప్పు ఎంతో తగ్గుతుంది.

వ్యాధి కంటె వెలివేతకు జడిసి పరీక్షకు వెనుకాడేవారు ఎందరో! అట్టి జాప్యమే అసలు ప్రమాదం. ప్రభుత్వ పరీక్షా కేంద్రాలలో పరీక్ష ఉచితం; ఫలితం గోప్యం. 2004 నుండి ప్రభుత్వం ఉచితంగా మందులు అందిస్తున్నది. వాటిని క్రమం తప్పక వాడి, రక్తంలోని వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచినవారి నుండి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. వ్యాధిగ్రస్తులపై వివక్షను 2017 నాటి చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబర్ 10న అమలులోకి వచ్చింది.

అయితే చట్టం వివక్షను శిక్షించగలదే గాని, ఆదరణను పుట్టించలేదు. అది మన మాటలో, నడతలో పుట్టవలసినది. భయంతో కుమిలే మిత్రునికి 1097 సంఖ్యను తెలుపుట, పరీక్షా కేంద్రం వరకు తోడు నడచుట కూడా సమాజసేవయే. విద్యార్థులారా! మీరు నేర్చిన సత్యాన్ని మీ వీధికి, మీ ఊరికి చేర్చండి.

ప్రశ్నలు

1. హెచ్.ఐ.వి. నివారణలో తోటి విద్యార్థుల బోధన ఎందుకు ఫలిస్తుంది?
2. ‘అట్టి జాప్యమే అసలు ప్రమాదం’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.