రైలు దిగి ఓడెక్కిన ఉత్తరం: ఓ పాత సార్టరు అనుభవ పాఠాలు

రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎం.ఎస్.)లో సార్టరుగా చేరి, మద్రాసు–వాల్తేరు మధ్య మెయిల్ వ్యాన్‌లో రాత్రిళ్లు నిలబడి ఉత్తరాలు గూళ్లలో వేసినవాణ్ణి. తరవాత మద్రాసులో విదేశీ టపా విభాగంలో ఓడకు వెళ్లే సంచులు చూశాను. ఆ పని మీద మమకారంతో, మా ముందు తరాలవాళ్లు లండన్ ఉత్తరాన్ని బొంబాయికి ఎలా చేర్చారో రిటైరయ్యాక చదువుతూ వచ్చాను. పని నేర్పిందీ చదువు నేర్పిందీ కలిపి, ఇవాళ పోస్టాఫీసుల్లో, కొరియర్లలో, రేవుల్లో పనిచేస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను.

1. ఆలస్యం దారిలో ఉండదు, మారేచోట ఉంటుంది

1830లో హ్యూ లిండ్సే అనే ఆవిరి ఓడ బొంబాయి నుంచి సూయజ్ చేరడానికి నెల రోజులకు పైగా పట్టింది. అందులో చాలా రోజులు దారిలోని రేవుల్లో బొగ్గు ఎక్కించుకోవడానికే పోయాయి. ఓడ సిద్ధంగానే ఉంది, రేవులే సిద్ధంగా లేవు. నలభై ఏళ్ల తరవాత సంగతి చూడండి. 1871లో ఆల్ప్స్ కొండల కింద సుమారు 13 కిలోమీటర్ల మోంట్ సెని సొరంగం తెరిచారు. లండన్ టపా డోవర్‌లో పడవెక్కి, కలేలో రైలెక్కి, ఫ్రాన్స్, ఇటలీ దాటి బ్రిండిసి రేవులో మళ్లీ ఓడెక్కేది. అక్కణ్ణుంచి ఈజిప్టు, ఎర్రసముద్రం, ఏడెన్, బొంబాయి. ఇన్ని చేతులు మారే టపా వారం వారం క్రమం తప్పక నడిచిందంటే, ఎవరు ఎక్కడ ఎవరికోసం ఆగాలో ముందే తేల్చుకోబట్టే. టపా ఓడలు నడిపిన పి అండ్ ఓ కంపెనీ ఒప్పందాల్లో ప్రయాణ కాలం రాసి ఉండేది, ఆలస్యానికి జరిమానా కూడా ఉండేది.

మేమూ బెజవాడ ప్లాట్‌ఫాం మీద ఇదే పాటించేవాళ్లం. బండి ఆగాక సంచులు వెతకడం కాదు. స్టేషను రాకముందే దిగాల్సినవి వరసగా తలుపు దగ్గర ఉండాలి. కనెక్షన్ నిలబడేది బండి ఆగే ఆ నాలుగు నిమిషాల్లోనే.

2. నెమ్మదిగా వెళ్లేదాన్ని ముందు పంపు

బరువైన సరుకుతో ఓడ లండన్‌లో ముందుగా బయలుదేరి జిబ్రాల్టర్ చుట్టి వచ్చేది. ఉత్తరాలు దాదాపు వారం ఆగి రైల్లో బయలుదేరి, దారిలో అదే ఓడను అందుకునేవి. లండన్ వర్తకుడికి జాబు రాసుకోవడానికి ఆ వారం మిగిలేది. 1898లో ఐసిస్, ఒసైరిస్ అనే చిన్న వేగపు ఓడలు వచ్చాయి. బ్రిండిసి నుంచి పెద్ద ఓడ ఆగే పోర్ట్ సయీద్‌కు టపాను, కొద్దిమంది ప్రయాణికులను చేరవేయడమే వాటి పని. అమెరికా టపాదీ ఇదే పద్ధతి. లివర్‌పూల్‌లో ఓడ కదిలాక కూడా లండన్ ఉత్తరాలు రైల్లో, పడవలో ఐర్లండ్ దాటి క్వీన్స్‌టౌన్ రేవులో ఆ ఓడనే పట్టుకునేవి. అన్నింటినీ ఒకే వేళకు బయలుదేరదీయడం సులువు. ఒకే వేళకు కలిసేలా చూడటమే అసలు విద్య.

3. ప్రయాణ కాలాన్ని పని కాలంగా మార్చు

ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఏర్పాటు సముద్రపు పోస్టాఫీసు. 1868 నుంచి తపాలా ఉద్యోగులు ఓడలోనే కూర్చుని, బొంబాయి వచ్చేలోగా ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసేవారు. మొదట సూయజ్ నుంచి, తరవాత ఏడెన్ నుంచి ఈ పని నడిచింది. ఎర్రసముద్రపు ఉక్కలో, అరేబియా సముద్రపు నైరుతి గాలుల ఊపులో అంత పని చేసిన ఆ మనుషులను తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. ఓడ రేవు తాకేసరికి సంచులు తయారుగా ఉండేవి, నేరుగా రైలెక్కేవి. 1914లో యుద్ధం రావడంతో ఆ ఆఫీసు మూతపడింది. రైల్లో ఇదే పనిని 1863లో అలహాబాదు–కాన్పూరు మధ్య మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1907లో రైల్వే మెయిల్ సర్వీసుగా పేరు పొందింది.

4. మైళ్లు లెక్కపెట్టకు, గంటలు లెక్కపెట్టు

1869లో సూయజ్ కాలువ తెరిచినా, లండన్ టపా ఇంకా కొన్నేళ్లు అలెగ్జాండ్రియాలో దిగి ఈజిప్టు రైల్లో సూయజ్ చేరి మళ్లీ ఓడెక్కేది. చూసేవాళ్లకు అది వృథా శ్రమ. కానీ ఆ రోజుల్లో కాలువలో ఓడలు రాత్రిళ్లు నడిచేవి కావు. విద్యుద్దీపాలతో రాత్రి ప్రయాణం 1887లో మొదలైంది. 1880ల చివరికి టపా కూడా కాలువ దారి పట్టింది. కొత్త దారి కనిపించగానే పాతదాన్ని తోసిపుచ్చకండి, గంటలు కూడి చూశాకే తేల్చండి.

5. సంచి ఎంతో, కాగితం అంత

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే ప్రతి డిస్పాచ్‌కూ వరస నంబరు ఉంటుంది. సంచుల లెక్క రాసిన లెటర్ బిల్లు ఉన్న సంచికి ‘ఎఫ్’ గుర్తు వేస్తారు. దాన్ని ముందు విప్పితే, ఎన్ని సంచులు రావాలో, ఎన్ని రిజిస్టరు ఉత్తరాలు ఉండాలో తెలుస్తుంది. 41 తరవాత 43 వచ్చిందంటే 42 ఎక్కడో ఆగిందన్నమాట. అప్పుడే ఆ తేడా తెలిపే వెరిఫికేషన్ నోట్ రాయాలి, రేపటికి వాయిదా వేయకూడదు. సీలు, తాడు, లేబులు మూడూ చూడకుండా సంతకం పెట్టకండి. మీరు సంతకం చేశాక ఆ సంచికి జవాబుదారీ మీరే. ఈ క్రమశిక్షణ ఎవరినో అనుమానించడానికి కాదు, నిజాయితీగా పనిచేసినవాణ్ణి కాపాడటానికి.

6. పరాయి సంచిని సొంత సంచిలా చూడు

1874 అక్టోబరు 9న బెర్న్ నగరంలో 22 దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం ఉత్తరాల విషయంలో ప్రపంచాన్ని ఒకే ప్రాంతం చేసింది. మన దేశం 1876లో అందులో చేరింది. బెర్న్ నియమం సూటిగా ఉంటుంది: నీ గడప దాటి వెళ్లే మూడో దేశపు టపాను ఆపకూడదు. ఇథియోపియా సంచి అయినా ఇంగ్లండ్ సంచి అయినా మా చేతుల్లో ఒకే బరువు.

7. రెండో దారి ముందే తెలిసుండాలి

1870లో ఫ్రాన్స్, ప్రష్యాల యుద్ధంతో ఫ్రాన్స్ దారికి అడ్డం పడితే, టపాను జర్మనీ మీదుగా ఇటలీకి తిప్పారు. మన దక్షిణాదిన 1914లో పాంబన్ వంతెన తెరిచాక ధనుష్కోడి దాకా రైలు, అక్కణ్ణుంచి తలైమన్నార్‌కు ఓడ నడిచాయి. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి రేవే తుడిచిపెట్టుకుపోయింది. దారి మూసుకున్నాక ఇంకో దారి వెతికేవాడికి రోజులు పడతాయి, ముందే తెలిసినవాడికి పూట చాలు.

8. సంచిలో ఉన్నది మనుషుల బతుకు

1912లో టైటానిక్ ఓడలో ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు బ్రిటిషర్లు, మొత్తం అయిదుగురు తపాలా గుమాస్తాలు ఉన్నారు. సంచుల గదిలోకి నీళ్లు వస్తుంటే రిజిస్టరు సంచులను పైకి మోశారు. అయిదుగురిలో ఒక్కరూ బతకలేదు. ప్రాణాలివ్వమని నేను ఎవరినీ అడగను. ఆ సంచి మీద వాళ్లకున్న గౌరవం మాత్రం మీకూ ఉండాలంటాను.

చివరిగా పాఠకులకు ఒక మనవి. రంగూన్ నుంచో మలయా నుంచో తాతలు రాసిన కవర్లు మన కోస్తా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. చెత్తలో వేయకండి, తడి తగలనివ్వకండి. వెనకవైపు ముద్రల్లోని ఊళ్లు, తేదీలు వరసగా రాసుకోండి. ఆ ఉత్తరం ఏ రేవులో దిగిందో, ఏ ఊళ్ల మీదుగా ఎన్ని రోజుల్లో మీ ఇంటికి చేరిందో తెలుస్తుంది. ఆ దారిని మీ పిల్లలకు ఒక్కసారి చదివి వినిపించండి.