కొండ దిగిన రాగి

గోదావరి పరీవాహకంలోని బీర్పూర్ దిక్కు బాయి తవ్వించినవాళ్లకు నేల వరుస తెలుసు. పైన మన్ను, కింద మొరం, ఇంకా దిగితే బండ. ఆ బండ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైసు. వాననీళ్లు పగుళ్లలోంచి దిగి దాన్ని మెల్లగా కుళ్లబెడితేనే మొరం అవుతుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో వాగు కంకరకు రాగి పట్టించింది కూడా ఇలా బండలోకి దిగిన నీళ్లే. పుట్టినచోటు వదిలి, నీటితో పక్కకు జారి, వేరేచోట నిలిచిన ఈ రాగిని భూవిజ్ఞానులు ఎగ్జోటిక్ రాగి అంటారు. అటకామా ఎడారిలో, కలామా పట్నం పక్కనున్న చుకికమాట గని దీనికి పేరుమోసింది. దానికి దక్షిణాన ఉన్న మీనా సుర్ గనికి పాత పేరే ఎగ్జోటికా.

మొదట తల్లి ఖనిజం కావాలి. చుకికమాటలో అది సుమారు 3.5 నుంచి 3.1 కోట్ల ఏళ్ల కిందట తయారైంది. భూమి లోపల శిలాద్రవం చల్లారుతూ వేడినీళ్లను వదిలింది. ఆ నీళ్లు రాయి పగుళ్లలో చాల్కోపైరైటునూ పైరైటునూ పేర్చాయి. చాల్కోపైరైటు బరువులో మూడోవంతుకు పైగా రాగే. పైరైటులో రాగి ఉండదు, ఉన్నది ఇనుమూ గంధకమూ. అయినా ముందు జరగబోయే పనికి అదే మేస్త్రీ.

తర్వాత కొండ పైకి లేవాలి, పైనున్న రాయి అరిగిపోవాలి. గాలీ నీరూ తగలగానే పైరైటు గంధకామ్లంగా మారుతుంది. ఆ ఆమ్లమూ, దాంతోపాటు పుట్టే ఇనుప లవణమూ కలిసి చాల్కోపైరైటును కరిగిస్తాయి. ఇనుము ఎక్కువ దూరం పోలేదు, ఎర్రటి తుప్పుగా అక్కడే ఆగుతుంది. అలాంటి కొండ నెత్తి మీది రాయిని చేతిలోకి తీసుకుంటే ఎర్రగా, తేలిగ్గా ఉంటుంది. లోపల సన్నటి ఖాళీ గుంతలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఖనిజపు గింజలు ఉన్న తావులవి.

కరిగిన రాగికి రెండు దారులున్నాయి. నేరుగా కిందికి దిగితే, నీటిమట్టం దగ్గర గాలి ఆడని చోట, పాత ఖనిజం మీద చాల్కోసైటుగా పేరుకుంటుంది. చాల్కోసైటులో నూటికి 80 పాళ్లు రాగి. అక్కడ నిలవనిది ఊటనీళ్లతో పక్కకు జారి, కొన్ని కిలోమీటర్ల దూరం పాత వాగు కంకరలో నడుస్తుంది.

అలా నడిచే నీళ్లలోని ఆమ్లాన్ని కంకర గుండ్లు కొంచెం కొంచెంగా తినేస్తాయి. పులుపు తగ్గిన కొద్దీ రాగి నీళ్లలో నిలవలేదు. రాళ్లనుంచి వచ్చిన సిలికాతో కలిసి క్రిసోకొల్లా అవుతుంది, ఉప్పు ఉన్నచోట అటకమైటు అవుతుంది. గుండు చుట్టూ నీలం, ఆకుపచ్చ పూత కడుతుంది. పూత పెరిగి గుండ్ల మధ్య సందులన్నీ నింపి, కంకరను గట్టి చట్టులా అతికేస్తుంది. మాంగనీసు కలిసినచోట మసిలాంటి నల్లటి పదార్థం ఏర్పడుతుంది. అందులోనూ రాగి ఉంటుంది, చూసినవాళ్లు మాత్రం నమ్మరు.

నన్ను అడిగితే, అన్నిటికంటే అరుదైన అదృష్టం ఆ తర్వాతిది. నీళ్లు పని ముగించాక తప్పుకోవాలి. సుమారు కోటిన్నర ఏళ్ల కిందటినుంచి అటకామా క్రమంగా ఎండిపోయింది. కంకరను కోసుకుపోయే వరదలు అరుదైపోయాయి. గోదావరి పరీవాహకంలో ఆ భాగ్యం లేదు. బీర్పూర్ బండలో తల్లి ఖనిజమే లేదు సరే, ఉన్నా ఏటేటా వచ్చే వానలు కరిగిన రాగిని పలుచన చేసి, రోళ్లవాగు మీదుగా గోదావరిలో కలిపేసేవి.

తెలుగునేలమీద రాగి ఉన్నచోటుకు పోవాలంటే పల్నాడులో వినుకొండ దగ్గరి అగ్నిగుండాల చూడాలి. అక్కడ నల్లకొండలో రాగి ఉంది, బండ్లమోట్టులో సీసం తవ్వారు. ఆ ఖనిజం ఎక్కువగా డోలమైటు రాయిలో ఉంది. డోలమైటు ఆమ్లాన్ని వెంటనే చంపేస్తుంది కాబట్టి, కరిగిన రాగి అడుగులు వేయకముందే పచ్చని మాలకైటుగా అక్కడికక్కడే ఆగుతుంది. ఎగ్జోటిక్ రాగికి కావలసిన దూరప్రయాణం అక్కడ కుదరదు.

చిలీలో ఈ కంకరను తవ్వి, పగలగొట్టి, కుప్పపోసి, పైన పలుచని గంధకామ్లం చల్లుతారు. కొలిమి అవసరం లేదు. కిందికి కారిన నీలిరంగు ద్రవంలోంచి రాగిని వేరుచేసి, కరెంటు పంపి రేకులుగా తీస్తారు. క్రిసోకొల్లా ఈ ఆమ్లానికి తేలిగ్గానే లొంగుతుంది. మాంగనీసు కలిసిన నల్లరకం అంత సులువుగా లొంగదు. అందుకే కుప్పలో నల్లరాయి పాలెంతో ముందే చూసుకుంటారు.