వేసవి సెలవులలో డికెన్స్ నవలాపఠనము

ప్రశ్న: అమెరికాలో పదవ తరగతి చేరబోవు మా అమ్మాయికి వేసవి పఠనముగా డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నిర్ణయించిరి. ఒక్కసారిగా యాభై పుటలు చదువబూని, విసిగి మానివేయుచున్నది. ఏమి చేయవలెను?
— ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, లోపము మీ అమ్మాయిది కాదు, 1860 డిసెంబరు మొదలు 1861 ఆగస్టు వరకు వారపత్రికలో భాగములుగా వెలువడి, నాటి పాఠకులు వారమువారము నిరీక్షించి చదివిన నవలను ఒక్కపెట్టున ముగింపబూనుటయే ఈ విసుగునకు మూలము. గ్రంథమున 59 అధ్యాయములున్నవి గనుక, దినమునకొక్కటి చొప్పున చదివించినచో రెండు మాసములలో సుఖముగా పూర్తియగును. ప్రతి పదమునకు నిఘంటువు తెరువక, అర్థమునకు అడ్డుపడు పదములనే వెదకి, అధ్యాయాంతమున కథానాయకుడగు పిప్ ఏమి కోరెనో, ఏమి పొందెనో రెండు వాక్యములలో వ్రాయమనుడు. దీర్ఘవాక్యములను మీరిరువురును బిగ్గరగా చదువుకొనుడు. కథాసంగ్రహములు మూలగ్రంథమునకు సాటి రానేరవు. మూడు వారములైనను కథ అందనిచో ఉపాధ్యాయులకు వ్రాయుడు. అక్షరములు మసకబారి తలనొప్పి కలుగుచున్నచో నేత్రవైద్యుని తప్పక సంప్రదింపుడు.